ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు మనవి! ఎవరికీ వదలం!

లష్కర్ బస్తీల అక్కలారా! చెల్లెళ్లారా! ఆపాలారా! అమ్మలారా!

దగ్గితే తడుస్తుంది. తుమ్మితే తడుస్తుంది. కడుపారా నవ్వుదామంటే భయం! సిలిండర్ జరిపినా, మనవణ్ని చంకనెత్తుకున్నా, బస్సు వెనక నాలుగడుగులు పరుగెత్తినా ఉచ్చ జారిపోతుంది. ఎన్నేళ్లు దాచాం ఈ సంగతి? పాత చీరలు చింపి మడత పెట్టుకున్నాం. ముదురు రంగు చీరలే కట్టుకున్నాం. పెళ్లికి పోతే బాత్రూం ఎటువైపుందో చూసుకున్నాకే కూర్చున్నాం. ఎంఎంటీఎస్ రైల్లో బాత్రూం ఉండదని, గొంతు ఎండిపోతున్నా గుక్కెడు నీళ్లు తాగకుండా ఎక్కాం. వాసనొస్తుందేమోనని పక్కామెకు జానెడు దూరంగా జరిగాం. మొగుడికి చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. డాక్టరమ్మ నోరు తెరిచి అడిగినా "ఏం లేదు మేడం" అన్నాం!

చాలు! ఇక దాచేది లేదు!

ఎందుకొచ్చింది మనకీ బాధ? పిల్లల్ని కన్నాం కాబట్టి! కాన్పు గంటల తరబడి సాగితే మూత్రసంచిని, గర్భసంచిని కింది నుంచి మోసే కండరాలు సాగిపోతాయి. బాలింతగా మంచం మీద ఉండాల్సిన రోజుల్లోనే బిందెలు మోశాం, ఇటుకలు మోశాం. ముట్లు ఆగిపోయాక అక్కడి కండ ఇంకా పలచబడుతుంది. తగ్గని దగ్గు, రోజూ ముక్కితే గానీ రాని విరేచనం దాన్ని మరింత కిందికి నెడతాయి. గర్భసంచి తీయించుకున్నవాళ్లకు తర్వాతి కాలంలో ఈ బాధ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. మరి గర్భసంచులు తీసేయడంలో దేశంలో ముందు వరుసలో ఉన్నదెవరు? మన రెండు తెలుగు రాష్ట్రాలే! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేస్తే, మన దగ్గర నూటికి ఎనిమిది మందికి పైనే! నలభై నిండని ఆడదాన్ని కూర్చోబెట్టి "క్యాన్సర్ అవుతుందమ్మా" అని బెదిరిస్తే ఆమె ఏం చేస్తుంది? సంతకం పెడుతుంది! అక్కర్లేని ఈ ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో చెప్పాల్సొచ్చింది. అంతదాకా ఎవరికీ పట్టలేదు!

సరే, మనలో కొందరం ధైర్యం చేశాం. గాంధీ ఆస్పత్రికి పోయినవాళ్లున్నారు. లాలాగూడ రైల్వే ఆస్పత్రికి పోయినవాళ్లున్నారు. పుస్తెలు కుదువబెట్టి ప్రైవేటుకు పోయినవాళ్లూ ఉన్నారు. ఉచ్చ జారకుండా ఆపరేషన్ చేయించుకున్నాం. మంచి పనే చేశాం! చాలామందికి ఈ ఆపరేషన్‌తో బతుకు మళ్లీ చేతికొచ్చింది.

కానీ ఆ తర్వాత? అసలు పోరు అక్కడే మొదలైంది!

ఏం చేస్తారు ఈ ఆపరేషన్‌లో? మూత్రం బయటికొచ్చే గొట్టం కింద ఒక సన్నటి పట్టీ వేస్తారు. కొందరికి ప్లాస్టిక్ జాలీతో చేసిన టేపు. కొందరికి సొంత పొత్తికడుపు లోపలి గట్టి పొర నుంచి తీసిన పట్టీ. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఆ గొట్టానికి కింద దన్నుగా ఉండేందుకు. స్వీడన్ డాక్టర్ ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1996లో ఈ టేపు పద్ధతిని లోకానికి చూపించాడు. అప్పటినుంచి టేపు వేయడానికి పెద్ద కోత అక్కర్లేదు. యోని లోపల ఒక చిన్న కోత, పొత్తికడుపు మీదో తొడల లోపలో రెండు చిన్న గాట్లు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు.

మోసం అంతా ఇక్కడే ఉంది! కోత చిన్నది కాబట్టి ఆపరేషనూ చిన్నదే అనుకుంటారు ఇంట్లో. కట్టు కనబడదు. నడుస్తూనే ఉన్నావు. టీ తాగుతూనే ఉన్నావు. ఇంకేం, లే! పని చెయ్!

వినండక్కా! ఆ టేపును లోపల దారంతో కుట్టి బిగించరు. చుట్టూ ఉన్న కండ దాని సందుల్లోకి అల్లుకుని, అదే పట్టుకోవాలి. దానికి వారాలు పడుతుంది. స్లాబు పోసిన మూడో రోజే సెంట్రింగ్ చెక్కలు పీకేస్తే ఏమవుతుంది? అడ్డా మీద నిలబడి కూలికి పోయే మనలో ఎవరినడిగినా చెప్తారు! అందుకే డాక్టర్లు ఆరు వారాలంటారు. అది వాళ్లు మనకు పెట్టే భిక్ష కాదు. మొగుడిచ్చే సెలవు కాదు. అత్తమ్మ దయ కాదు. ఆ ఆరు వారాలూ వైద్యంలో భాగం! మందుబిళ్ల ఎంతో విశ్రాంతీ అంతే!

అయినా ఏం జరుగుతోంది మన గల్లీల్లో? అడ్డగుట్టలో మూడో అంతస్తు. పొద్దుగాల అయిదింటికి నల్లా వచ్చింది. ఆపరేషన్ అయి నాలుగో రోజు ఆమెకు. ఒక చేత్తో గోడ పట్టుకుంది, ఇంకో చేతిలో ఇరవై లీటర్ల క్యాను. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు! డాక్టర్ ఎత్తొద్దన్నది నాలుగైదు కిలోలు దాటిన బరువు. మెట్టు ఎక్కుతుంది, ఆగుతుంది. మెట్టు ఎక్కుతుంది, ఆగుతుంది. పైనుంచి కేక: "నిన్నంతా పండుకునే ఉంటివి గదా, ఇయ్యాల ఏమొచ్చింది?" చీర కుచ్చిళ్ల దగ్గర ఎర్రటి మరక. ఆ మరకను చూసినవాళ్లున్నారు. పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. క్యాను మాత్రం ఎవరూ అందుకోలేదు!

మనం అందుకోమా? మన చేతులకేమైంది?

ఆరు వారాలు నీళ్ల బిందె ముట్టొద్దు. తడి బట్టల బకెట్ ఎత్తొద్దు. బియ్యం సంచి, సిలిండర్, రుబ్బురోలు ఊసే వద్దు. పిల్లాడు ఏడిస్తే నువ్వు మంచం మీద కూర్చో, వాణ్ని ఎవరైనా తెచ్చి ఒళ్లో పెట్టాలి. గొంతుక్కూర్చుని ఇల్లు తుడవడం, బండ మీద బట్టలు బాదడం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌నే అడుగు, ఆడబిడ్డను కాదు. అలాగని మంచానికి అతుక్కుపోవద్దు. మొదటి రోజు నుంచే ఇంట్లో మెల్లగా నడువు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడవాల్సిందే.

నీళ్లు తాగు! ఇన్నేళ్లు భయపడి నోరు కట్టుకున్నావు, ఆ అలవాటు ఇప్పుడు నీకు శత్రువు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంటపెడుతుంది, చీము పడుతుంది, మలం గట్టిపడుతుంది. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి డాక్టర్ వద్దంటే తప్ప, రోజుకు ఒకటిన్నర రెండు లీటర్లు తాగాల్సిందే. ముక్కడం అసలే పనికిరాదు. ఆకుకూరలు, బొప్పాయి, జామకాయ తిను. అప్పటికీ కాకపోతే మందు రాయించుకో. దగ్గు వస్తే "అదే పోతుందిలే" అనకు. ప్రతి దగ్గూ ఆ పట్టీ మీద దెబ్బే!

ఇంకో మాట. మొదటి రోజుల్లో ధార సన్నగా వస్తుంది. మెల్లగా వస్తుంది. కొందరికి ఉన్నట్టుండి అర్జెంటుగా వస్తుంది. రెండు చుక్కలు తడిస్తే "నా ఆపరేషన్ పాడైపోయింది, అంత డబ్బూ మట్టిపాలు" అని ఏడుస్తూ కూర్చోకు చెల్లీ! లోపల వాపు తగ్గాలి. వారాలు పడుతుంది. కొందరిని పైపుతోనే ఇంటికి పంపుతారు, తొడకు సంచి కట్టి. పైపుతో ఉన్నామని తలదించుకోవాల్సిన పని లేదు! చేతులు కడుక్కుని ముట్టుకో. సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి. నిండకముందే ఖాళీ చెయ్యి. ఆ సంచిని చూసి మూతి విరిచే చుట్టానికి గుమ్మంలోనే దండం పెట్టి పంపించు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మూత్రం ఒక్క చుక్కా రావడం లేదా? పొత్తికడుపు పగిలిపోయేలా ఉందా? జ్వరం, వణుకు ఉన్నాయా? గంటకో ప్యాడ్ తడిచేంత రక్తం పోతోందా? దుర్వాసన వస్తోందా? పిక్క వాచి నొప్పి పెడుతోందా? ఆయాసమొస్తోందా? తెల్లారనిద్దాం అనుకోవద్దు! ఆయన డ్యూటీ నుంచి రానీ అనుకోవద్దు! అర్ధరాత్రయినా ఆటో ఎక్కు, 108కి ఫోన్ చెయ్యి. నెలల తర్వాత కూడా ఒంట్లో ఏదో గుచ్చుకుంటున్నట్టుంటే, కలిసినప్పుడు నొప్పి పుడితే, పోయి చూపించుకో. టేపు బయటికి తేలి ఉండొచ్చు. "నీకంతా అనుమానమే" అంటే ఊరుకోకు!

ఎందుకంటే ఈ మాట మనకే కాదు, ఇంగ్లండ్ ఆడవాళ్లకూ చెప్పారు. టేపు వేశాక నడవలేకపోతున్నాం, కూర్చోలేకపోతున్నాం అని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఊరుకోలేదు, ఒకరినొకరు వెతుక్కుని జట్టుకట్టారు. 2018 జూలైలో అక్కడి ప్రభుత్వం ఆ టేపు ఆపరేషన్లను ఆపేయాల్సొచ్చింది. 2020 జూలైలో కంబర్లెజ్ విచారణ నివేదిక ఆడవాళ్ల మాటను ఎంత కాలం పెడచెవిన పెట్టారో పేజీలకు పేజీలు రాసింది. ఇది చెప్పేది మిమ్మల్ని బెదిరించడానికి కాదక్కా! ఎక్కువమందికి టేపు మేలే చేసింది. కానీ మన ఒంట్లో ఏం పెట్టారో మనకు తెలియాలి! టేపు డబ్బా మీద కంపెనీ పేరు, నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది నీ డిశ్చార్జి కాగితం మీద అంటించమని అడుగు. ఫ్రిజ్ కొంటే వారంటీ కాగితం బీరువాలో దాస్తాం. ఒంట్లో జీవితాంతం ఉండేదానికి కాగితం అక్కర్లేదా?

అన్నలారా, తమ్ముళ్లారా! ఈ ముక్క మీకే! ఆరు వారాలు భార్య జోలికి పోవద్దు. ఇది బతిమాలడం కాదు. లోపల గాయం ఉంది. ఆమె నోరు తెరిచి వద్దనలేక కళ్లు మూసుకుంటే అది ఒప్పుకోవడం అనుకుంటున్నారా? నల్లా పట్టండి. బట్టలు ఆరెయ్యండి. మీ అమ్మ ఏమన్నా అంటే మీరే జవాబు చెప్పండి. మీ పిల్లల్ని కన్నందుకే ఆమెకీ కష్టం వచ్చింది!

పనిచోట సంగతేంటి? జనరల్ బజార్ బట్టల షాపుల్లో పొద్దున పదింటి నుంచి రాత్రి దాకా నిలువుకాళ్ల మీద చీరలు విప్పి చూపించే మన పిల్లల్లో ఎంతమందికి స్టూలుంది? బాత్రూంకి పోతానంటే సూపర్‌వైజర్ గడియారం చూస్తాడు! కేరళలో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు కొట్లాడితే, కూర్చునే హక్కు 2018లో చట్టంలోకెక్కింది. తమిళనాడులో 2021లో వచ్చింది. మనమేం తక్కువ? మారేడ్‌పల్లిలో నాలుగిళ్లు తుడిచే అక్కకు ఆరు వారాలు రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటారు. తెల్లవారుజామున రోడ్లూడ్చే అక్కకు ఒక రోజు నాగా అయినా గుండె దడే!

ఇఎస్ఐ కార్డున్న చెల్లెళ్లారా, దాన్ని బయటికి తీయండి! పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే షాపు అయితే, నీ జీతం నెలకు 21,000 లోపుంటే, నీ జీతంలో నుంచి ఇఎస్ఐ కోస్తూ ఉంటే, నీకు హక్కుంది. చందా కట్టిన ఆర్నెల్లలో 78 రోజులు పనిచేసి ఉంటే, జబ్బు సెలవులో జీతంలో నూటికి 70 చొప్పున, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఆరు వారాలంటే 42 రోజులే! ఇఎస్ఐ డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ రాయించుకో. యజమాని మొహం చూసి ఆగిపోకు. ఆ డబ్బు నీదే, నెల నెలా నువ్వు కట్టిందే!

కార్డు లేనివాళ్ల మాటేమిటి? ఇళ్లలో పనిచేసేవాళ్లు, మోండా మార్కెట్‌లో కూరగాయల గంప దించేవాళ్లు, అడ్డా కూలీలు? వాళ్ల కోసమే గట్టిగా అడగాలి! ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని పెట్టారు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయిన పేదలకు కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 దాకా ఇచ్చారు. ఇక్కడ ఆరోగ్యశ్రీని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. సంతోషం! మరి కోసి కుట్టాక ఇంటికొచ్చిన మనిషి ఏం తిని కోలుకోవాలి? కూలికి పోతే కుట్లు తెగుతాయి, పోకపోతే పొయ్యి వెలగదు. కోలుకునే రోజులకు కూలి డబ్బులు ఇవ్వాల్సిందే! ఎమ్మెల్యే బస్తీకి వచ్చినప్పుడు దండ వేసే ముందు ఈ మాటే అడగండి. మీ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందా లేదా అని ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే తేల్చుకోండి.

ఇంకా అడగాలి! డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో రాసి చేతిలో పెడితే ఎవరికి అర్థమవుతుంది? ఏం ఎత్తకూడదో, ఎప్పుడు పరుగెత్తి రావాలో తెలుగులో, ఉర్దూలో రాసివ్వాలి. చదువు రాని అక్కకు నర్సమ్మ నోటితో చెప్పాలి, ఇంటాయన్ని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. కింది కండరాలు బిగించే వ్యాయామం నేర్పే మనిషి ఉండాలి. అమెరికా డాక్టర్ కెగెల్ ఈ వ్యాయామాన్ని 1948లోనే చెప్పాడు. మూత్రం మధ్యలో ఆపుకున్నట్టు లోపలికి బిగించడం, వదలడం. ఎనిమిదేసి సార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలు చేస్తే కొందరికి ఆపరేషనే అక్కర్లేకుండా పోతుంది. ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ సరే అన్నాక మొదలుపెట్టాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం సాధన చెయ్యొద్దు. ఇంత చిన్న విద్య మనకు ఎందుకు చేరలేదు? 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పెట్టి, మంగళవారాలు ఆడవాళ్లకే అన్నారు. బస్తీ దవాఖానాలున్నాయి. అక్కడ ఇది నేర్పమని అడుగుదాం, పదిమందిమి కలిసి పోదాం. ఒక్కతే పోతే సిగ్గేస్తుంది. పదిమంది పోతే డాక్టరే లేచి కుర్చీలు వేయిస్తుంది!

ఆషాఢం వస్తుంది. లష్కర్ బోనాలు! ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి ఏటా బోనమెత్తే చెయ్యి ఇంట్లో ఊరుకోదు, మాకు తెలుసు. ఇత్తడి బోనంలో అన్నం, బెల్లం, పెరుగు, పైన దీపం, వేపమండలు. నెత్తిన పెట్టుకుని ఎండలో లైన్లో గంటలు నిలబడాలి. "నేనెత్తకపోతే అమ్మకు కోపమొస్తుంది" అంటావు. అక్కా, అమ్మవారూ ఆడదే! కోలుకుంటున్న బిడ్డ నెత్తిన బరువు పెట్టమంటుందా ఏ తల్లయినా? ఈ ఏడు నీ బోనం నీ చెల్లె ఎత్తుతుంది. లేదా పక్కింటి పిల్ల ఎత్తుతుంది. నువ్వు ఇంట్లో దీపం పెట్టి దండం పెట్టుకో. "బోనమెత్తలేదేం?" అని ఎవరన్నా దీర్ఘాలు తీస్తే జవాబు నువ్వు చెప్పక్కర్లేదు, గల్లీ మొత్తం చెప్తుంది! ఇంట్లోవాళ్లకు దేవుడి భయం ఉండొచ్చు, ఆపరేషన్ అయిన మనిషి చేత బరువులు ఎత్తించమని మాత్రం ఏ దేవుడూ చెప్పలేదు.

చిలకలగూడ, వారాసిగూడ, మెట్టుగూడ, బోయిగూడ, లాలాపేట, బోయిన్‌పల్లి! ఏ గల్లీలో ఎవరికి ఆపరేషన్ అయిందో మనకు తెలియదా? చీటీల లెక్క మనకు నోటికే ఉంటుంది. ఈ లెక్కా అలాగే వేద్దాం. ఆమె ఇంటి నీళ్లు వారానికొక ఇల్లు పట్టాలి. ఒకరు పిల్లల్ని బడిలో దింపాలి. ఒకరు చెకప్ రోజు వెంట పోవాలి, డాక్టర్ చెప్పింది విని ఇంట్లో గట్టిగా చెప్పాలి. కూర ఎక్కువ వండినవాళ్లు గిన్నె పంపాలి. ఇవాళ ఆమెకు మనం, రేపు మనకు ఆమె. మన గల్లీల్లో చావుకూ పెళ్లికీ ఎప్పుడూ ఇలాగే నడిచింది. దీనికి మాత్రం ఎందుకు నడవదు? సిగ్గు అడ్డమా? ఎవరి సిగ్గు?

ఈ కాగితం చదివి పారెయ్యొద్దు. చదవడం రాని అక్కకు చదివి వినిపించు. ఉర్దూ మాట్లాడే ఆపాకు అర్థం చెప్పు. మీ గల్లీలో ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఆమె ఉంటే, రేపు పొద్దుగాల నల్లా వచ్చే టైముకు ఆమె బిందె ఎవరు పట్టుకోవాలో ఈ రాత్రికే తేల్చెయ్యండి!

లష్కర్ బస్తీల అక్కాచెల్లెళ్లు
సికింద్రాబాద్